పొట్టలో బుగ్గ

కిడ్నీలో రాయి ఉందేమోనని తీయించిన స్కానింగు అది. రాయి లేదు. కానీ రిపోర్టు అడుగున ఎవరూ వెతకని సంగతి ఒకటి ఉంది. కిడ్నీల కింద, బొడ్డు వెనకాల, బృహద్ధమని 4.7 సెంటీమీటర్లకు ఉబ్బి ఉందని. గుండె నుంచి దిగి వెన్నెముకను ఆనుకుని నడిచే ఈ పెద్ద రక్తనాళం ఆ చోట మామూలుగా 2 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. 3 అయితే చాలు, డాక్టర్లు అన్యూరిజం అంటారు.

మా నాయినకు 67 ఏళ్ళు. బెల్లంపల్లిలో సింగరేణి బాయి దిగి, రిటైరై, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. రెండేళ్ళ కింద గుండెపోటొస్తే స్టెంటు వేశారు. మామ మా అమ్మకు తమ్ముడు. వాళ్ళది సిరిసిల్ల. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సర్కారు దవాఖానాల్లో ముప్పై ఏళ్ళు డాక్టరుగా చేసి ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాడు. స్కానింగు తీయించిన తెల్లారి వాళ్ళింటి వరండాలో ఈ ఇద్దరూ పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. మధ్యలో ఒకసారి గట్టిగానే అరుచుకున్నారు. గుర్తున్నంత వరకు వాళ్ళ మాటల్లోనే రాస్తున్నాను. ఇలాంటి కాయితం చేతిలో పెట్టుకుని ఏం చెయ్యాలో తోచక కూచున్న ఇల్లు మాదొక్కటే కాదు.

నాయిన: ఈ ముచ్చట నాకెందుకు చెప్పినవ్ బామ్మర్ది? మొన్నటిదాక మంచిగనే ఉంటి. రాత్రంత నిద్రలేదు. దగ్గు అత్తె పొట్ట పట్టుకుంటున్న.

మామ: చెప్పకుంటె అది పోతదా బావా? నిన్న పుట్టింది గాదు. ఏండ్ల కొద్ది పెరుగుకుంట వచ్చింది. దగ్గుకు భయపడకు.

నాయిన: మరి దేనికి భయపడాలె?

మామ: సైజుకు. సైకిలు ట్యూబు యాదికి తెచ్చుకో. ఒక్కకాడ బుగ్గ లేసిందనుకో, గాలి కొట్టినకొద్ది ట్యూబంత ఉబ్బదు, ఆ బుగ్గనే ఉబ్బుతది. బుగ్గ పెద్దగైనకొద్ది గోడ మీద గుంజుడు ఎక్కువైతది. నీ సైజు ఉన్నోళ్ళల్ల ఏడాదికి పలిగేది నూటికి ఒక్కరికో, అంతకంటె తక్కువనో. 5.5 దాటినంక ఆ లెక్క మారుతది. అప్పుడు ఆపరేషన్ మాట. ఆడోళ్ళకైతె 5 కాడనే ఆలోచిస్తరు, వాళ్ళది చిన్న సైజుల్నే పలుగుతది.

నాయిన: అంటె ఇప్పుడైతె నాకేం చెయ్యవ్.

మామ: ఆరు నెలలకోసారి స్కానింగు తీసి చూస్తం. మామూలుగ ఏడాదికి 2, 3 మిల్లీమీటర్లు పెరుగుతది. బీడీ తాగెటోనికి ఇంకింత జల్ది.

నాయిన: బాయిల మాకు ఒకటి నేర్పిండ్రు. షిఫ్టు దిగంగనే మొదలు కప్పు కొట్టి సూడాలె. కట్టెతోని కొడితె గట్టి రాయి ఖంగుమంటది. లోపల పొర విడిసిందనుకో, డొల్ల సప్పుడు అత్తది. డొల్ల సప్పుడు అత్తె ఏం చేత్తుంటిమి? ఆ జాగల దిమ్మె నిలవెడ్తుంటిమి, లేకుంటె కొట్టి కిందికి దించుతుంటిమి. దాని కింద కూసోని సద్ది తింటమా? నువ్వు నా కప్పు కొట్టి సూసినవ్. డొల్ల అన్నవ్. సపోర్టు వెట్టమంటె, ఇంకింత డొల్లగానియ్యి, అప్పుడు సూద్దామంటున్నవ్. గిదేం డాక్టరీ?

అప్పటిదాకా నేను మామ వైపే ఉన్నాను. ఈ మాటతో నాయిన వైపు జరిగాను. రోగం ఉందని చెప్పి మందు లేదనడం కంటే పెద్ద శిక్ష ఇంకేముంటుంది? మామ కూడా వెంటనే జవాబివ్వలేదు. కళ్ళద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు.

మామ: మంచిగ అడిగినవ్. ఈ ప్రశ్న బ్రిటన్ డాక్టర్లకు గూడ వచ్చింది. 4 నుంచి 5.5 దాక ఉన్నోళ్ళను 1090 మందిని తీస్కోని, సగం మందికి వెంటనే ఆపరేషన్ అన్నరు, సగం మందిని స్కానింగులతోని కనిపెట్టుకుంట ఉన్నరు. 1998ల లెక్క బయటవెట్టిండ్రు. ముందుగాల కోసినోళ్ళు ఎక్కువేం బతుకలె. రెండు దిక్కుల ఒక్కతీరే. తర్వాత అమెరికాల చేసి చూసినా అదే తేలింది. ఎందుకంటె, సపోర్టు వెట్టబోయినప్పుడు గూడ కప్పు కూలొచ్చు బావా. ఆ కోసుడు చిన్నది గాదు.

నాయిన: ఎంత పెద్దది?

మామ: పొట్ట పైకెళ్ళి కిందిదాక తెరుస్తరు. పేగులు పక్కకు జరిపి, బుగ్గకు పైన పెద్దనాళానికి క్లాంపు వేసి రక్తం ఆపుతరు. బుగ్గను చీరి, లోపల గుడ్డగొట్టం వెట్టి, రెండు కొసలు కుట్టి, మళ్ళ దాని మీద బుగ్గ గోడనే కప్పుతరు. ఆ గుడ్డ ఏందో ఎరుకేనా? పాలిస్టర్.

అమ్మ: మన సిరిసిల్ల మగ్గాల మీద నేసే పాలిస్టరా?

మామ: అదే జాతి అక్కా. 1950లల్ల అమెరికాల డిబేకీ అనే సర్జను గొట్టం చేద్దామని నైలాన్ గుడ్డ కోసం దుకాణానికి పోయిండట. నైలాన్ అయిపోయింది, డాక్రాన్ అని కొత్తది వచ్చింది, తీస్కపో అన్నరట. డాక్రాన్ అంటె పాలిస్టరే. ఇంటికి తెచ్చి భార్య కుట్టుమిషను మీద గొట్టం కుట్టిండు. నేసే తీరు మారింది గని, నేటికి లోపల కుట్టేది గా గుడ్డనే.

అమ్మ తన కొంగు కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి కొంచెంసేపు రుద్ది చూసింది. మరమగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన మనిషి. ఏ పోగు ఎంత తట్టుకుంటుందో ఆమెకు చేతికే తెలుసు.

నాయిన: గుడ్డ ముచ్చట మంచిగనే ఉన్నది. నా గుండె తట్టుకుంటదా, అది చెప్పు.

మామ: ఆడికే వస్తున్న. నాకు నీ పొట్ట మీద భయం తక్కువ. నీ గుండె మీద ఎక్కువ.

నాయిన: గుండెకు స్టెంటు వేసిండ్రు. అది అయిపాయె గదా.

మామ: అయిపోలె. స్టెంటు ఒక్కకాడ ఉన్న పూడికను తీసింది. కాలువ అంతట ఉన్న మట్టిని తియ్యలె. ఎస్సారెస్పీ కాకతీయ కాలువ చూసినవ్ గదా. కాలువ ఒక్కటే, నీళ్ళు ఒక్కటే. సన్న పిల్లకాలువలల్ల పూడిక నిండుతది, నీళ్ళు పోవు. పెద్దకాలువల ఒకకాడ కట్ట లోపల్లోపల తిని, బయటికి ఉబ్బుతది. రైతు రెండు జాగల రెండు తిప్పలనుకుంటడు. నీ గుండె నాళాలు పిల్లకాలువలు. పొట్టల ఉన్నది పెద్దకాలువ. బుగ్గ లేచేకాడ గోడల సాగే పోగులు తెగిపోయి ఉంటయి, అది వేరే సంగతి. కాని ఆ పోగులను తెంపింది, ఈ పూడికను నింపింది చానమట్టుకు ఒక్కతే. పొగ.

నాయిన: నాకు షుగరు లేదు గదా.

మామ: గుండెకు అది మంచిదే. కాని ఈ బుగ్గ షుగరున్నోళ్ళకే తక్కువ వస్తది, ఇచ్చంత్రం. దీనికి అన్నిటికంటె పెద్ద కారణం పొగనే. గుండెజబ్బుకు, పొగకు ఉన్న సుట్టరికం కంటె ఈ బుగ్గకు, పొగకు ఉన్న సుట్టరికం ఇంకా దగ్గరిది. ఇంకో లెక్క చెప్త విను. అమెరికాల క్లీవ్‌లాండ్ క్లినిక్‌ల, రక్తనాళాల ఆపరేషన్‌కు వచ్చిన 1000 మందికి వరుసగ గుండె యాంజియోగ్రామ్ చేసి, 1984ల లెక్క బయటవెట్టిండ్రు. గుండె నాళాలు సాఫుగున్నోళ్ళు నూటికి 8 మందే. పొట్టల బుగ్గ ఉన్నోళ్ళను విడిగ తీస్తె, నూటికి 31 మందికి బాగుచెయ్యదగ్గ గట్టి గుండెజబ్బు కనపడ్డది. నీ సైజు బుగ్గ ఉన్నోళ్ళు అది పలిగి పోయేదానికంటె గుండెపోటుతోని, పక్షవాతంతోని పోయేదే ఎక్కువ. నువ్వు రాత్రంత పొట్ట పట్టుకోని కూసున్నవ్. పట్టుకోవలసింది ఇంకో జాగ.

మామ మాటల్లో ఆ రోజు నాకు అన్నిటికంటే బరువైనది ఇదే. మేమంతా రిపోర్టులో కొత్తగా కనపడ్డ అంకె చుట్టూ తిరుగుతున్నాం. రెండేళ్ళ నుంచి ఇంట్లోనే ఉన్న పాత రోగాన్ని ఎవరం చూడడం లేదు.

నాయిన: బాయిల బీడీ ముట్టనియ్యరు. గేటుకాడ జేబులు తడిమి సూత్తరు, అగ్గిపెట్టె దొరికితె ఉద్యోగం మీదికి అత్తది. ఎనిమిది గంటలు తాగక పైకచ్చినంక రెండు మూడు వరుసగ ముట్టిత్తుంటిమి. గప్పుడు గట్ల. ఇప్పుడు పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి. దీనికే పలుగుతదా?

మామ: బీడీల తంబాకు సిగరెట్టు కంటె తక్కువనే. కాని ఆకు జల్ది ఆరిపోతది, మాటిమాటికి గట్టిగ గుంజాలె. గుంజినకొద్ది లోపలికి పొయ్యే విషం ఎక్కువ. రెండైనా రెండే. బంద్ చేస్తె బుగ్గ పెరుగుడు మెల్లగైతది, గుండెకు మేలైతది. నేనిచ్చే మందులల్ల ఇంత పనిచేసేది ఇంకోటి లేదు. ఆ బీడీ ఉన్నది సూడు...

నాయిన: బీడీని గంత తిట్టకు! నీ ఇంటరు ఫీజు యాడికెళ్ళి అచ్చింది? వరంగల్ మెడికల్ కాలేజిల నీ మెస్సు బిల్లు యాడికెళ్ళి అచ్చింది? మీ అక్క పెండ్లి గాకముందు చాట ముంగట వెట్టుకోని రోజుకు వెయ్యి చుట్టింది. గవి ఎవలు తాగిండ్రు? నాసొంటోళ్ళు తాగిండ్రు. మేం తాగితెనే నువ్వు డాక్టరువైనవ్. ఇప్పుడచ్చి మాకే చెప్తున్నవ్.

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. మామ మాట్లాడలేదు. అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

ఆ చేతుల గురించి చెప్పాలి. ఎండాకాలం ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కొలాములు తెల్లారకముందే లేచి తునికాకు తెంపుతారు. యాభై ఆకులకొక కట్ట కట్టి కల్లంలో ఆరబెడతారు. ఆ ఆకే సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ఇళ్ళ గడపల్లోకి వస్తుంది. రాత్రి నానబెట్టి, తెల్లారి కత్తెరతో ఒక్క కొలతకు కత్తిరించి, చాటలో తంబాకు పెట్టుకుని, చిటికెడు పోసి, చుట్టి, దారం కట్టి, కొస మడిచి నొక్కాలి. ఇరవై ఐదింటికి ఒక కట్ట. అమ్మ ఈ పని మానేసి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఖాళీగా కూచుంటే ఆమె కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద కొస మడుస్తూనే ఉంటుంది. మగవాళ్ళు మగ్గం మీద, ఆడవాళ్ళు చాట ముందు. సిరిసిల్లలో ఎన్నో ఇళ్ళు ఈ రెండింటి మీదే గడిచాయి. ఆ బీడీ ఎవరి ఊపిరితిత్తుల్లోకి, ఎవరి రక్తనాళాల్లోకి పోతోందో చుట్టే ఆడపిల్ల ఎట్లా ఆలోచిస్తుంది? ఆమెకు కూలి లెక్క ఉంటుంది, కార్ఖానాలో తీసి పారేసిన బీడీల లెక్క ఉంటుంది.

మామ: నువ్వన్నది నిజం బావా. అక్క చుట్టిన బీడీల మీదనే చదివిన. మరిచిన రోజు లేదు. అందుకే ముప్పై ఏండ్లు ఏ పేషెంటుకు బీడీ బంద్ చెయ్యమని చెప్పబోయినా, ఇది ఎవల ఇంట్ల కూడో అని నోరు వెనుకకు పోయేది. తగ్గించుమని చెప్పి పంపేది. నీకు గూడ గట్లనే చెప్పిన. ఇరవై ఏండ్ల కింద గట్టిగ చెప్పవలసింది. చెప్పలె. అది నా తప్పు.

అమ్మ: నేను చుట్టింది కూటికి. ఈయనను తాగుమని చుట్టలె. అవన్ని ఇప్పుడెందుకు గని, కొలెస్ట్రాల్ గోలి బంద్ వెట్టిండు, గది అడుగు ముందుగాల.

మామ: ఎప్పటి నుంచి?

అమ్మ: దసర నుంచి. పట్టీలు గట్లనే బీరువల ఉన్నయి.

నాయిన: మంచిగైనంక గోలి ఎందుకు? కాళ్ళు గుంజుతున్నయి దాంతోని.

మామ: కాళ్ళు గుంజుతె చెప్పాలె, మందు మార్చుకోవచ్చు. బంద్ చేస్తరా? నువ్వు సపోర్టు అడిగినవ్ గదా ఇందాక. ఇగో ఇదే సపోర్టు. ఆ గోలి బుగ్గను తగ్గియ్యదు, అబద్ధం చెప్ప. గుండె నాళాలల్ల ఉన్న పూడిక చిట్లకుంట కాపాడుతది. ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టకుంట చూస్తది. బీపీ గోలి గోడ మీద గుంజుడు తగ్గిస్తది. దిమ్మెలు మూడు నీ బీరువలనే ఉన్నయి. నువ్వు ఒకటి పీకేసి, కప్పు కూలుతదని నన్నడుగుతున్నవ్.

నాయిన ఈసారి ఎదురు చెప్పలేదు. అత్తయ్య టీ తెచ్చింది. చక్కెర తక్కువైందన్నాడు. కొంచెంసేపు వాన ముచ్చట్లు నడిచాయి. గ్లాసులు తీసుకుపోయాక మళ్ళీ మొదలైంది.

నాయిన: సరె, గోలి మింగుత. ఐదున్నర అయితె మాత్రం కోపిచ్చుకోను. అరవై ఏడు అచ్చినయి. ఎవలు చిరంజీవులు?

మామ: ఐన్‌స్టీన్‌కు ఇదే బుగ్గ. 1948 చివర్ల న్యూయార్క్ దిక్కు బ్రూక్లిన్ల నిస్సెన్ అనే సర్జను పొట్ట తెరిచి చూసిండు. అప్పటికింకా దాన్ని తీసి గొట్టం కుట్టే పద్ధతి రాలే. పారిస్‌ల డ్యూబో అనే సర్జను దాన్ని తీసి, చనిపోయినోళ్ళ నాళం ముక్క అతికిచ్చింది 1951ల. అందుకని నిస్సెన్ సెల్లోఫేన్ కాయితం తెచ్చి బుగ్గ చుట్టు చుట్టిండు. ఆ ఒరుపుకు చుట్టు కండ గట్టిపడి పట్టుకుంటదని. ఆరేండ్లకు పైన పట్టుకున్నది.

నాయిన: తర్వాత?

మామ: 1955 ఏప్రిల్ల పలిగింది. ఆపరేషన్ చేస్తమన్నరు. ఆయన వద్దన్నడు. 18 తారీకు పోయిండు. 76 ఏండ్లు.

నాయిన: గంత తెలివిగల్లాయన అద్దన్నడు! నేనంటె తప్పా?

మామ: ఆయన వద్దన్నది పలిగినంక. అప్పుడు గెలుపు చాన తక్కువ. నువ్వు పలుగకముందే వద్దంటున్నవ్. రెండూ ఒకటి గావు. పలిగినోళ్ళను నువ్వు చూడలె. నేను చూసిన.

ఇక్కడ మామ చాలాసేపు ఆగాడు. తర్వాత చెప్పింది ఆయన మాకెవరికీ ఇంతకుముందు చెప్పని సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏజెన్సీ దిక్కు ఒక చిన్న దవాఖానాలో.

మామ: అరవై దాటిన మనిషి. చుట్ట తాగుతడు. నడుము పక్కకెళ్ళి నొప్పి గజ్జల్లోకి దిగుతున్నదని ఎడ్లబండిల తెచ్చిండ్రు. ఒంటినిండ చెమట. నేను రాయినొప్పి అనుకున్న. సూది ఇచ్చిన. నొప్పి కొంచెం తగ్గింది. గంటకు లేవబోయి కిందవడ్డడు. పొట్ట మీద చెయ్యి పెడితె అప్పుడు తగిలింది, గుండెతోని పాటు కొట్టుకుంటున్న గడ్డ. పావుగంటల అయిపోయింది. ముందుగాల ఒక్కసారి పొట్ట పట్టి చూడవలసింది. చూసినా ఆ రోజు అతన్ని ఏడికి పంపుదును? 108 బండ్లు గూడ వచ్చింది 2005ల. పలిగినోళ్ళల్ల నూటికి ఎనభై మంది దాక దక్కరు, చానమంది తొవ్వలనే పోతరు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. మీ బెల్లంపల్లి నుంచి 250. ఇటువంటిది కుట్టే చెయ్యి ఉన్నది నిమ్స్ లాంటికాడ. నడుముల నొప్పి లేచినంక పోదామంటె కాదు బావా. ఇంటికాడికెళ్ళి నడుచుకుంట పోవలసిన ఆపరేషన్ ఇది.

నాయిన: అయితె ఊరందరికి స్కానింగు తియ్యి.

మామ: ఇంగ్లాండుల గదే చేస్తున్నరు. 2009 నుంచి, 65 ఏండ్లు నిండే ప్రతి మొగాయనకు ఒకసారి పొట్ట స్కానింగు. అంతకుముందు 67,800 మంది మీద పరీక్ష చేసిండ్రు. స్కానింగుకు పిలిచినోళ్ళల్ల నాలుగేండ్లల్ల ఈ బుగ్గతోని చచ్చుడు నూటికి 42 వంతులు తగ్గింది. అమెరికాల 65 నుంచి 75 ఏండ్ల మొగోళ్ళల్ల ఎన్నడన్న పొగ తాగినోళ్ళకు ఒకసారి తియ్యమంటరు. మన దేశంల అసొంటి పథకం లేదు.

నాయిన: మంచిదే లేదు. ఊరందరి కప్పు కొట్టుకుంట పోతె బొగ్గు ఎవలు తియ్యాలె? మన మండలంల స్కానింగు తీసే డాక్టరే దొరుకడు. గర్భంతోటి ఉన్న ఆడిపిల్లకు తారీకు దొరుకుడే కష్టం. ఇగ మూడు సెంటీమీటర్లు అచ్చినోడు ఎన్నడు పలుగనిదాని కోసం బతికినన్ని దినాలు నాలెక్క పొట్ట పట్టుకోని పండుతడు. గా భయం నీ లెక్కల యాడన్న ఉన్నదా?

మామ: లేదు. ఉండాలె. ఆ మాట ఒప్పుకుంట. నేను అందరికి తియ్యమంటలేను. అరవై ఐదు దాటిన బీడీ తాగిన మొగాయన రాయికనో, ప్రోస్టేట్‌కనో ఎట్లాగు పొట్ట స్కానింగుకు వస్తడు గదా. మిషను పొట్ట మీద ఉండంగనే ఒక్క నిమిషం నడిమిట్ల పెట్టి పెద్దనాళం కొలిస్తె ఏమైతది? ఖర్చు లేదు. నీది దొరికింది గూడ గట్లనే. చూసినాయన మంచాయన కాబట్టి కొలిచి రాసిండు.

ఈ వాదంలో నేను ఇద్దరి మధ్యా ఉన్నాను. నాయిన చెప్పిన భయం ఖరీదు నాకు తెలుసు, ఆ వారం ఇంట్లో అందరం కట్టాం. అయినా మామ అడిగిన ఒక్క నిమిషం మాత్రం ప్రతి స్కానింగు గదిలోనూ దొరకాలని గట్టిగా అనుకుంటున్నాను.

నాయిన: సరె, ఐదున్నర అయిందనుకో. గుండె బలంగ లేదంటివి. అయితె ముందుగాల గుండెకు ఇంకో రెండు స్టెంట్లు వేపిచ్చి, సాఫు చేపిచ్చి, తర్వాత పొట్ట కొయ్యరాదు?

మామ: అందరు గట్లనే అనుకున్నరు. 2004ల అమెరికాల మాజీ సైనికుల దవాఖానలల్ల 510 మంది మీద తేల్చిండ్రు. గుండెనొప్పి అదుపుల ఉన్నోళ్ళకు ముందుగాల స్టెంటో బైపాసో చేసి తర్వాత నాళం ఆపరేషన్ చేసినా, మందులతోనే పోయి చేసినా, దాదాపు మూడేండ్లకు చనిపోయినోళ్ళు నూటికి 22, 23. తేడా లేదు. ఊరికె వేపిచ్చుకుంటె ఇంకో తిప్ప. కొత్త స్టెంటు పడ్డంక రక్తం పల్చన చేసే గోలీలు నెలలకొద్ది ఆపొద్దు, అప్పటిదాక పొట్ట ఆపరేషన్ ఆగాలె. గుండెకు అవసరం పడితె గుండె కోసం చెయ్యాలె, పొట్ట కోసమని గాదు.

నాయిన: మరి బలం లేని గుండెకు ఏం తొవ్వ?

మామ: ఇంకో తొవ్వ ఉన్నది. పొట్ట కొయ్యకుంట గజ్జలకెళ్ళి. 1990ల అర్జెంటీనాల పరోడి అనే సర్జను మొదలుపెట్టిండు. ముడిచిన గొట్టాన్ని తొడ రక్తనాళంలకెళ్ళి పైకి పంపి, బుగ్గ లోపల విప్పుతరు. క్లాంపు లేదు, గుండె మీద భారం తక్కువ. బ్రిటన్ లెక్కల నెల రోజులల్ల చనిపోయినోళ్ళు దీంట్ల నూటికి 1.7, కోసిన దాంట్ల 4.7. కాని ముందే చెప్తున్న, ఇది ఒక్కసారి వేసి మరిచిపొయ్యేది గాదు. పక్కకెళ్ళి రక్తం కారొచ్చు, జారొచ్చు. బతికినన్ని దినాలు స్కానింగు చూపిచ్చుకోవాలె. అదే లెక్కల ఏండ్లు గడిచినకొద్ది మొదటి లాభం పోయింది, ఎనిమిదేండ్ల తర్వాత కోసినోళ్ళే నయం. నీ నాళం మెడ దానికి సరిపోతదో లేదో గూడ చూడాలె. ఖర్చుకు ఏ కార్డు చెల్లుతది, ఎంతవరకు చెల్లుతది, అది ఇప్పుడే అడిగి వెట్టుకుందం. అప్పటికప్పుడు ఉరుకులాడితె కాదు.

నాయిన: నేను ఊ అనలె.

మామ: అనకు. ఐదున్నర అయినంకనే అడుగుత. గప్పటిదాక బీడీ...

నాయిన: పొద్దుగాలది ఇడిసిపెడ్త. రాత్రిది సూత్త.

అమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. లోపలికి పోయి సంచిలోంచి మందుల డబ్బా తెచ్చి మామ ముందు పెట్టింది. ఆయన ఒక్కో పట్టీ తీసి చూస్తూ తెల్ల కాయితం మీద పెద్ద అక్షరాలతో పొద్దుటివి, రాత్రివి రాస్తున్నాడు. నాయిన చాలాసేపు ఆ రాసేదే చూశాడు.

నాయిన: ఇది ఇంట్ల ఒకలకుంటె ఇంకొకలకు అత్తదా?

మామ: తోడబుట్టినోళ్ళకు రావచ్చు. అన్నకుంటె తమ్మునికి ఉండే ఆస్కారం మామూలోళ్ళకంటె ఎక్కువ. ఎందుకు?

నాయిన జవాబు చెప్పలేదు. కాగజ్‌నగర్‌లో మా చిన్నాయిన ఉంటాడు. 63 ఏళ్ళు. ఈయన కంటే ఎక్కువే తాగుతాడు. నాయిన చొక్కా జేబులోంచి ఫోను తీసి, దూరంగా పట్టుకుని పేరు వెతికి, నొక్కాడు. అవతల ఎత్తేదాకా వరండా మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"నేనే. ఎల్లుండి పొద్దుగాల బండికి మంచిర్యాలల దిగు. నేను స్టేషన్ కాడ ఉంట. స్కానింగు తీపియ్యాలె... నాకు గాదు, నీకు. అచ్చినంక చెప్త. ఏం తినకుంట రా. ఛాయ్ గూడ అద్దు. పేగులల్ల గాలి ఉంటె లోపల కనవడదట."